తెలుగు పేజీ కూర్చడం రానివాళ్లను సీనియర్ డిజైనర్ అనొచ్చా?

హైదరాబాద్‌లో సీనియర్ గ్రాఫిక్ డిజైనర్ కావాలంటూ వచ్చే ప్రకటనలు చదివితే ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినట్టే ఉంటాయి. అయిదేళ్లో ఏడేళ్లో అనుభవం, ఫొటోషాప్, ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్, కోరల్‌డ్రా, ఇప్పుడు ఫిగ్మా, ఆ పక్కనే ఆఫ్టర్ ఎఫెక్ట్స్, వీడియో ఎడిటింగ్ వస్తే మంచిది, త్రీడీ వస్తే ఇంకా మంచిది, చివర్లో "ఒత్తిడిలో పనిచేయగలగాలి". అంతా చదివాక కూడా ఆ వచ్చే మనిషి ఏ నిర్ణయాలు తీసుకోవాలో, ఏది తేడా వస్తే తను జవాబు చెప్పాలో ఒక్క ముక్క ఉండదు. తెలుగు అన్న మాట అసలే ఉండదు. ఆ కంపెనీ సరుకు అమ్ముడుపోయేది కరీంనగర్‌లో, గుంటూరులో, శ్రీకాకుళంలో. కరపత్రం, ఫ్లెక్సీ, బస్సు వెనక ప్రకటన, దుకాణం బోర్డు, ప్యాకెట్ వెనక వాడే విధానం, అన్నీ తెలుగులోనే వెళ్తాయి. వాటిని చేసే టీముకి పెద్దగా తీసుకునే మనిషిని మాత్రం తెలుగు గురించి ఎవరూ అడగరు.

నా వాదన సూటిగా చెప్తాను. తెలుగు రాష్ట్రాల మార్కెట్ కోసం పనిచేసే చోట, తెలుగు అక్షరాన్ని పేజీ మీద సరిగ్గా నిలబెట్టడం రాని డిజైనర్‌కి సీనియర్ హోదా ఇవ్వకూడదు. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా, ఎంత మంచి లోగోలు చేసినా సరే. భాషాభిమానం సంగతి పక్కన పెట్టి, ఫక్తు పని లెక్కలోనే ఈ మాట అంటున్నాను. ఫైలు తన కంప్యూటర్ దాటి వెళ్లాక దానికేమవుతుందో ముందే ఊహించగలిగి, దానికి బాధ్యత తీసుకునే మనిషిని సీనియర్ అంటాను నేను. మన దగ్గర ఫైలు ముందుగా పాడయ్యేది తెలుగు దగ్గరే.

ఎలా జరుగుతుందో చూడండి. ముంబైలోనో బెంగళూరులోనో ఇంగ్లిష్‌లో మాస్టర్ డిజైన్ తయారవుతుంది. హెడ్డింగ్ మూడు పొట్టి మాటలు, అన్నీ క్యాపిటల్స్, ఒకదాని కింద ఒకటి ఇరుకుగా పేర్చి ఉంటాయి, చూడ్డానికి బాగానే ఉంటుంది. అందరూ ఓకే చేశాక "రీజినల్ అడాప్టేషన్" పేరుతో హైదరాబాద్ వస్తుంది. అనువాదం వాట్సాప్‌లో వస్తే దాన్ని కాపీ చేసి అదే పెట్టెలో పెడతారు. తెలుగులో క్యాపిటల్స్ లేవు, ఆ మూడు పొట్టి మాటలు ఇక్కడ రెండు పొడుగు మాటలవుతాయి, పెట్టెలో పట్టవు. పట్టకపోతే అక్షరాలను అడ్డంగా నొక్కేస్తారు. లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లిష్‌కి పెట్టిందే ఉంటుంది కాబట్టి పై లైన్లో ఒత్తు కింది లైన్లో గుడిని గుద్దుకుంటుంది. ఇదంతా చేసేది టీములో అందరికన్నా చిన్నవాళ్లు, లేదా బయట ఎక్కడో డీటీపీ (కంప్యూటర్ మీద అచ్చుకి పేజీలు కూర్చే) సెంటర్. సీనియర్ ఒకసారి తొంగి చూసి "తెలుగు నాకంత తెలీదు, నువ్వే చూసేసుకో" అని వెళ్లిపోతాడు. కొనేవాళ్ల కంటబడేది ఆ పేజీయే. ఇంగ్లిష్ మాస్టర్‌ని ఆఫీసు బయట దాదాపు ఎవరూ చూడరు.

అడోబీ సాఫ్ట్‌వేర్లలో ఆటో లీడింగ్, అంటే లైన్ల మధ్య దానంతటదే పెట్టే దూరం, అక్షరం సైజుకి 120 శాతం. ఇంగ్లిష్‌కి చాలావరకు అది సరిపోతుంది. తెలుగులో ఒకే అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తుకి తోడు ఇంకో ఒత్తు. 'రాష్ట్రం' తీసుకోండి, 'స్త్రీ' తీసుకోండి, బట్టల దుకాణం ప్రకటనలో తప్పకుండా ఉండే 'వస్త్రాలు' తీసుకోండి. నేను 150 శాతం దగ్గర మొదలుపెట్టి ఫాంటుని బట్టి పెంచుతాను, తగ్గిస్తాను. సైజు సంగతీ అంతే. ఒకే పాయింట్ సైజులో రెండు తెలుగు ఫాంట్లు పక్కపక్కన పెడితే ఒకటి పెద్దగా, ఒకటి బాగా చిన్నగా కనిపించడం మామూలే, అందుకని "బాడీ టెక్స్ట్ పది పాయింట్లు" అనే ఇంగ్లిష్ లెక్క ఇక్కడ పనిచేయదు. ప్రింటు తీసి చేతిలో పట్టుకుని చదవాలి. ఆఫీసులో కళ్లద్దాలు పెట్టుకునే పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్లకిచ్చి చదివించాలి, చాలా ఆఫీసుల్లో ఇది చేయగా నేను చూడలేదు.

ఇక సాఫ్ట్‌వేర్ సెట్టింగులు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ (మన లిపుల అక్షరాలను సరిగ్గా కలిపే సెట్టింగ్) ఎంచుకోకపోతే, ఇలస్ట్రేటర్‌లో ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేయకపోతే ఒత్తులు అక్షరం కిందకి చేరకుండా పొల్లుతో విడిగా నిలబడతాయి. గుణింతం విడిపోయి మధ్యలో చుక్కల సున్నా వస్తుంది. హైవే పక్కన బోర్డుల మీద, ఆస్పత్రుల గోడల మీద ఆ చుక్కల సున్నాను మీరూ చూసే ఉంటారు. అది అచ్చయి, మౌంటయి, గోడెక్కేదాకా ఎందరి చేతులు దాటి వెళ్లిందో ఆలోచించండి. మరొకటి, చాలామందికి పేరు కూడా తెలియనిది, జీరో విడ్త్ నాన్ జాయినర్. కంటికి కనపడని గుర్తు. అది పెడితే 'సాఫ్ట్‌వేర్' వస్తుంది, పెట్టకపోతే 'సాఫ్ట్వేర్' అని ఫ కింద ట ఒత్తుకి తోడు వ ఒత్తు కూడా వచ్చి కూర్చుంటుంది. 'హైదరాబాద్‌లో' రాయబోతే 'హైదరాబాద్లో' అవుతుంది. ఇవాళ్టి తెలుగు ప్రకటనల్లో సగం మాటలు ఇంగ్లిష్ నుంచి వచ్చినవే కాబట్టి ఈ గుర్తు తెలియకుండా ఒక్క ఫోన్ ప్రకటన కూడా శుభ్రంగా చేయలేం. ఒక చోటి నుంచి ఇంకో చోటికి పేస్ట్ చేసినప్పుడు ఈ గుర్తు ఎగిరిపోవడమూ ఉంటుంది, అందుకే ఫైనల్ పీడీఎఫ్‌ని మళ్లీ మొదటి అక్షరం నుంచి చదవాలి. చదవడం డిజైనర్ పని కాదు, ప్రూఫ్ రీడర్ పని అనేవాళ్లతో నేను ఏకీభవించను.

ఈ విషయాలు నాకు నేర్పింది పెద్ద ఏజెన్సీల ఆర్ట్ డైరెక్టర్లు కాదు. విజయవాడలో, చిక్కడపల్లిలో పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ముందు కూర్చుని పుస్తకాలు కూర్చిన డీటీపీ ఆపరేటర్లు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత కూడా మన పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు ఏళ్ల తరబడి అందులోనే, 'అను' అనే పాత తెలుగు ఫాంట్లతోనే తయారయ్యాయి. డెమీ సైజు పుస్తకంలో లైనుకి ఎన్ని అక్షరాలుంటే కన్ను అలవకుండా సాగుతుందో, మాట విరగ్గొట్టాల్సి వస్తే ఎక్కడ విరగ్గొట్టాలో, ఒకే కాగితం మీద అచ్చయ్యే పదహారు పేజీల ఫారంలో ఏ పేజీ పక్కన ఏది వస్తుందో వాళ్లకి కొట్టిన పిండి. వాళ్ల విజిటింగ్ కార్డు మీద ఎవరూ సీనియర్ డిజైనర్ అని రాయలేదు, ఆ జీతమూ ఇవ్వలేదు. నాకైతే అది అన్యాయమనే అనిపిస్తుంది.

అయితే వాళ్ల దగ్గర ఆగిపోయింది కూడా ఒకటుంది. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతిలో చేసినవి కావు. తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో పెట్టి నడిపించిన పద్ధతి అది. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగలిసిన చెత్త కనిపిస్తుంది, వెతకడానికి కుదరదు, వెబ్‌సైట్లో పెట్టాలన్నా, ఈ-బుక్ చేయాలన్నా కన్వర్టర్‌లో వేసి వచ్చిన తప్పులన్నీ చేత్తో దిద్దుకోవాలి. ఒక సంస్థ పదేళ్ల బ్రోషర్లు ఇచ్చి "ఇందులో మ్యాటర్ వెబ్‌సైట్‌కి వాడండి" అన్నప్పుడు ఆ పని ఎన్ని రోజులదో చెప్పగలగడం కూడా సీనియర్ అనుభవమే. తెలియనివాళ్లు "రేపటికి ఇచ్చేస్తాం" అంటారు.

ఫాంట్లు లేవు కదా, ఏం చేస్తాం అని ఒకప్పుడు అనేవాళ్లు. ఇప్పుడా సాకు లేదు. పోతన, వేమన ఎప్పటినుంచో ఉన్నాయి. 2010ల మొదట్లో సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్, గిడుగు, గురజాడ, సురవరం, రవిప్రకాష్ లాంటివన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. నోటో ఉంది, సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా సాగే అనేక్ తెలుగు ఉంది, పుస్తకం పేజీకి నిండుగా అమరే టీరో తెలుగు ఉంది. ఉన్నవాటిలోంచి ఎంచుకోవడమే ఇప్పుడు అసలు పని. రామభద్ర హెడ్డింగ్‌కి బలంగా ఉంటుంది, దాన్నే పది లైన్ల పేరాకి వాడితే పేజీ నల్లబడిపోయి ఎవరూ చదవరు. బాపు (1933–2014) చేతిరాతను పోలిన అక్షరం శుభలేఖ మీద ఎంత ముద్దుగా ఉంటుందో, ఆస్పత్రిలో మందులు వేసుకునే సూచనల కాగితం మీద అంత ఇబ్బంది పెడుతుంది. ఒకే లైన్లో తెలుగు, ఇంగ్లిష్ కలిసి వచ్చినప్పుడు రెండింటి లావూ ఎత్తూ కంటికి సమానంగా కనిపించేలా విడివిడిగా సరిచేయాలి, సాఫ్ట్‌వేర్ ఆ పని దానంతటది చేయదు. ఫాంట్ లైసెన్సు చదవడం కూడా ఇందులో భాగమే, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఫాంటుతో క్లయింటు బ్రాండు కట్టడం నాకు సుతరామూ నచ్చదు.

చిన్నదే కానీ చెప్పాల్సిన సంగతి, రూపాయి గుర్తు. ఉదయ్ కుమార్ గీసిన ₹ గుర్తును కేంద్ర ప్రభుత్వం ఆమోదించింది 2010 జులై 15న. అంతకుముందు చేసిన ఫాంట్లలో అది ఉండే వీలే లేదు. కొత్తలో దాన్ని కీబోర్డులో ఒకటి అంకె పక్కనున్న కీ మీద పెట్టి ఒక ఫాంటు వచ్చింది, చాలామంది అదే వాడారు, ఫాంటు మారగానే ధర ముందు రూపాయి పోయి చిన్న వాలుగీత మిగిలేది. దీపావళి ఆఫర్ కరపత్రంలో ధరల ముందు గీతలో ఖాళీ డబ్బాలో కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

ప్రింటింగ్ దగ్గరికి వస్తే నా అభిప్రాయం ఇంకా గట్టిది. ప్రెస్సులో నిలబడనివాళ్లు సీనియర్ కాలేరు. అన్ని వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు), సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు రంగులు), అంగుళానికి 300 చుక్కల రిజల్యూషన్, ఇవి మొదటి ఏడాదిలోనే రావాలి. ఆ తర్వాతవి పుస్తకంలో కన్నా మిషన్ దగ్గరే బాగా వస్తాయి. చిన్న తెలుగు అక్షరాలను నాలుగు రంగులు కలిపిన నలుపులో పెడితే న్యూస్‌ప్రింట్ మీద రిజిస్ట్రేషన్ (ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోవడం) వెంట్రుకవాసి జరిగినా చదవలేం, ఒట్టి నలుపు ప్లేటులోనే ఉండాలి. ముదురు రంగు నేపథ్యం మీద తెల్ల అక్షరాలు పెడితే తలకట్టు దగ్గర, సున్నాల్లోపల, ఒత్తుల మలుపుల్లో సిరా నిండిపోతుంది, అందుకే సన్న ఫాంటు అక్కడ వద్దు. న్యూస్‌ప్రింట్ సిరా పీలుస్తుంది, ఆర్ట్ పేపర్ మీద మెరిసిన ఫొటో అక్కడ మసకబారుతుంది, కాబట్టి ఒకే ప్రకటనకి రెండు ఫైళ్లు చేయాలి. ఇంకోవైపు పెద్ద హోర్డింగ్‌కి అసలు సైజులో 300 రిజల్యూషన్ ఫైలు పెట్టి కంప్యూటర్ని హ్యాంగ్ చేసేవాళ్లున్నారు, రోడ్డు మీద అంత దూరం నుంచి చూసేదానికి ఆ అవసరమే లేదు. ఫ్లెక్సీ వాళ్లు కర్వ్స్ చేసిన, అంటే అక్షరాలను బొమ్మలుగా మార్చిన ఫైలే అడుగుతారు, ఫాంటు గోల ఉండదని. ఇవ్వాలి, కానీ కర్వ్స్ చేయని ఒరిజినల్ భద్రంగా ఉంచుకోవాలి, లేకపోతే ఫోన్ నంబర్లో ఒక అంకె మార్చాలన్నా మళ్లీ మొదటికొస్తుంది.

ప్యాకింగ్‌లో బాధ్యత మరీ ఎక్కువ. పచ్చడి సీసా లేబులే తీసుకోండి. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు, శాకాహారం ఆకుపచ్చ గుర్తు, నికర బరువు, ఎమ్మార్పీ, బ్యాచ్, తయారీ తేదీ, పదార్థాలు, ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలో ఆ వివరాలు. తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉండాలి, తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు. కొన్ని అంకెలకి కనీస ఎత్తు కూడా నిబంధనల్లోనే ఉంది. ఇవన్నీ పెట్టాక మిగిలిన చోటులో డిజైన్ చేయాలి, డిజైన్ అంతా అయ్యాక వీటిని ఇరికించకూడదు. బార్‌కోడ్ సంగతి తెలియక దెబ్బతిన్నవాళ్లను చూశాను. పచ్చడి కదా అని లేబుల్ అంతా ఎరుపులో చేసి బార్‌కోడ్ గీతలు కూడా ఎరుపులోనే పెట్టారు. స్కానర్లు సాధారణంగా ఎర్ర కాంతితోనే చదువుతాయి, దానికి ఎర్ర గీత, తెల్ల కాగితం రెండూ ఒకటే. సూపర్‌మార్కెట్ కౌంటర్లో సరుకు బిల్లు కాలేదు, లేబుళ్ల మీద మళ్లీ స్టిక్కర్లు అంటించుకున్నారు. సన్నటి సీసాకి బార్‌కోడ్ అడ్డంగా చుట్టినా అంతే, వంపులో చివరి గీతలు స్కానర్‌కి అందవు, నిచ్చెన మెట్లలా తిప్పి పెట్టాలి. కలర్ థియరీ ఎంత చదివినా ఇవి రావు, ఒక్కో సరుకును షెల్ఫ్ దాకా వెంబడిస్తే వస్తాయి.

క్లయింటుతో మాట్లాడటం గురించి డిజైనర్లం మనలో మనం చెప్పుకునే మాటలు నాకు నచ్చవు. "లోగో పెద్దది చేయమంటాడండీ" అని ఒకటే ఫిర్యాదు. వరంగల్ వైపు ఒక హార్డ్‌వేర్ షాపు పెద్దాయన "బాబూ, మా పేరు ఇంకింత పెద్దగ రావాలె" అని పదేపదే అంటుంటే టీములో అందరికీ విసుగొచ్చింది. వెళ్లి చూస్తే షాపు ముందు రోడ్డు వెడల్పయి, మధ్యలో డివైడర్ వచ్చింది. అవతలి వైపు నుంచి వచ్చేవాళ్లు షాపు దాటిపోయాక గానీ బోర్డు చదవలేకపోతున్నారు, యూటర్న్ చాలా దూరం. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. పేరు పెంచి, కింద ఉన్న పదిహేను కంపెనీల లోగోలు తీసేద్దామంటే ఆయనే "తీసెయ్, నాకెందుకవి" అన్నారు. ఎవరు చూస్తారు, ఎంత దూరం నుంచి, నడుస్తూనా బండి మీదా, ఈ ప్రశ్నలు పని మొదలుపెట్టకముందే అడగాలి. క్లయింటు చెప్పే పరిష్కారం వెనకున్న ఇబ్బందిని పట్టుకోవాలి. ఆ ఓపిక లేనివాళ్లు ఎంత బాగా గీసినా వాళ్ల చేతికి మొత్తం పని అప్పజెప్పలేం.

జూనియర్ల విషయం కూడా అడగాలి ఇంటర్వ్యూలో. "బాలేదు, మళ్లీ చెయ్" అనేది సలహా కాదు. కంటికి ముందు ఏది పడుతోంది, ఏది పడాలి, ఎందుకు పడటం లేదు, అది చెప్పాలి. "అన్నా, రాత్రి పదైంది, ఇంకా కరెక్షన్లు వస్తున్నాయి" అని పిల్లలు ఫోన్ చేసినప్పుడు క్లయింటు సర్వీసింగ్ వాళ్లతో మాట్లాడి ఆపే ధైర్యం ఉండాలి. రెండు రోజుల పనికి రెండు రోజులు పడుతుందని మొదటే రాతపూర్వకంగా చెప్పగలిగితే ఆ ఫోన్ కాల్సే తగ్గుతాయి. టెన్షన్ అంతా జూనియర్ల నెత్తిన పెట్టి మెప్పు మాత్రం తను తీసుకునేవాళ్లను కూడా మనం సీనియర్లనే పిలుస్తున్నాం, అది మారాలి.

ఎన్నేళ్లు అన్న ప్రశ్నకి నా దగ్గర అంకె లేదు. ఎనిమిదేళ్లు కేవలం సంక్రాంతి, ఉగాది, స్వాతంత్ర్య దినోత్సవం శుభాకాంక్షల పోస్టులే చేసినవాళ్లున్నారు, అందులో వాళ్ల తప్పు లేదు, ఆఫీసు ఇంకేం ఇవ్వలేదు. నాలుగేళ్లలోనే ఒక పుస్తకం, ఒక ప్యాకింగ్, ఒక దుకాణం బోర్డుల వరస మొదటి మాట నుంచి చివరి ప్రింటు దాకా మోసినవాళ్లున్నారు. నేనైతే రెండోవాళ్లనే తీసుకుంటాను. మాసాబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో అప్లైడ్ ఆర్ట్ చదివినా, ఆంధ్రప్రదేశ్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీలో చదివినా, ఐఐటీ హైదరాబాద్‌లో ఎండిజైన్ చేసినా, అమీర్‌పేటలో ఆరు నెలల కోర్సు చేసినా ఇక్కడ అందరూ మళ్లీ ఒకే గీత మీద నిలబడాలి. చదువు చూపు ఇస్తుంది, నలుగురి ముందు పని పెట్టి విమర్శ వినడం అలవాటు చేస్తుంది. అది తక్కువేం కాదు. కానీ ప్రెస్సు, క్లయింటు, డెడ్‌లైన్, ఈ మూడూ ఒకే రోజు మీద పడితే ఏది ముందు చూడాలో కాలేజీలో రాదు.

"మా క్లయింట్లందరూ అమెరికాలో ఉన్నారు, హైటెక్ సిటీలో కూర్చుని ఇంగ్లిష్ యాప్‌లు చేస్తాం, మాకీ తెలుగు గొడవెందుకు" అని కొందరు అడుగుతారు. నిజమే, రోజూ అవసరం పడకపోవచ్చు. అయితే ఆ యాప్ రేపు జర్మన్‌లోకి వెళ్తే మాటలు పొడుగవుతాయి, అరబిక్‌లోకి వెళ్తే పేజీ మొత్తం కుడి నుంచి మొదలవుతుంది. ఒక లిపి మీద శ్రద్ధగా పనిచేసినవాళ్లు అక్కడ తడబడరు, ఏ ప్రశ్నలు అడగాలో వాళ్లకి తెలుసు. ఆ లిపి మన ఇంట్లో మాట్లాడే భాషదే అయితే నేర్చుకోవడం ఇంకా సులువు కదా.

ఇమేజ్ తయారుచేసే ఏఐ టూల్స్ వచ్చాక ఈ వాదన ఇంకా అవసరమైంది. వాటిని తెలుగులో హెడ్డింగ్ పెట్టమంటే తెలుగులా కనిపించే వంకరలు గీసి ఇవ్వడం తరచూ జరుగుతోంది, దూరం నుంచి చూస్తే అక్షరాలే అనిపిస్తాయి. బొమ్మ బాగుందని మురిసిపోయి అలాగే పోస్ట్ చేసేవాళ్లనూ చూస్తున్నాం. బొమ్మకి ఆ టూల్ వాడుకోండి, హక్కుల సంగతి చూసుకుని వాడుకోండి, అక్షరం మాత్రం మనిషి పెట్టాలి, ఇంకో మనిషి చదవాలి.

కంపెనీలకి నేను అడిగేది ఒక్కటే. ఈసారి సీనియర్ డిజైనర్ కోసం ప్రకటన ఇచ్చేటప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ల జాబితా సగానికి తగ్గించి, వీడియో ఎడిటింగ్‌కి వేరే మనిషిని పెట్టుకోండి. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లకి ఒక పేజీ తెలుగు మ్యాటర్ ఇవ్వండి, అందులో ఒక పట్టిక, కొన్ని ధరలు, ఇంగ్లిష్ మాటలు కలిసిన నాలుగు పేరాలు ఉండాలి. ప్రెస్సుకి పంపగలిగే పీడీఎఫ్ చేసిమ్మనండి. దానికి పట్టిన సమయానికి డబ్బు ఇవ్వండి, ఊరికే చేయించుకోకండి. తర్వాత ఆ పేజీ ప్రింటు తీసి బల్ల మీద పెట్టి, ప్రతి నిర్ణయం ఎందుకు తీసుకున్నారో అడగండి. బాగా చేసిన మనిషి పాతికేళ్లు అను ఫాంట్లతో పుస్తకాలు కూర్చిన ఆపరేటర్ అయినా సరే, సీనియర్ డిజైనర్ జీతం రాసివ్వండి. యూనికోడ్, ఇన్‌డిజైన్ నేర్చుకోవడానికి ఆయనకో ఆమెకో రెండు మూడు నెలలు ఇవ్వండి, పక్కన మీ జూనియర్లను కూర్చోబెట్టండి.